అత్తగారికి లాల పోసేదెలా

గురువారం పొద్దున్న నూకరత్నం ఇంటి పెరట్లో అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పొయ్యి మీద కాగులో నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. సెనగపిండిలో పసుపు, కాస్త మీగడ వేసి కలిపిన నలుగు గిన్నెలో ఉంది. సాంబ్రాణికి నిప్పులు కూడా రాజుకున్నాయి. ఐదో నెల పాప మైత్రి నూలుపోగు లేకుండా తల్లి చంకలో కూర్చుని, కాళ్ళాడిస్తూ, ఎప్పుడెప్పుడా అని చూస్తోంది. నీళ్ళు పోయవలసిన మనిషి మాత్రం రెండు చేతులూ జోడించి గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"నా వల్ల కాదమ్మా సాయీ. ఆవిణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుంటే నాకు పుట్టగతులుంటాయా?" అంది నూకరత్నం.

చంటిపిల్లకి లాల పోయడమంటే ఊరికే నీళ్ళు గుమ్మరించడం కాదు. పోసే మనిషి పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపాలి. పిల్లని ఆ కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెడితే తల సరిగ్గా పాదాల దగ్గరకి వస్తుంది. నూనె రాసి, నలుగు పెట్టి, కాళ్ళూ చేతులూ సాగదీసి, కళ్ళల్లో నీళ్ళు పడకుండా నుదుటికి చెయ్యి అడ్డుపెట్టి పోయాలి. ఏలూరులో వాళ్ళ వీధి మొత్తానికి ఆ పనిలో నూకరత్నాన్ని మించినవాళ్ళు లేరు. ఎవరింట్లో కాన్పయినా ఆవిడకి కబురు రావలసిందే. ఇప్పుడు కాలేజీకి వెళ్తున్న కుర్రాళ్ళు కూడా వీధిలో ఆవిడ ఎదురుపడితే కాస్త సిగ్గుపడి పక్కకి తప్పుకుంటారు. అలాంటి మనిషి సొంత మనవరాలికి మాత్రం పోయనంటోంది. ఎందుకంటే ఆ పాప మనవరాలు కాదుట, ఏడాది కిందట కాలం చేసిన తన అత్తగారు పాపాయమ్మట.

ఈ నమ్మకం ఆవిడకి తాడేపల్లిగూడెం ఆసుపత్రిలోనే కుదిరిపోయింది. కోడలు సాయిదుర్గ పుట్టిల్లు ఆ ఊరే కాబట్టి పురుడు అక్కడ పోశారు. అప్పటికి పాపాయమ్మ సంవత్సరీకం కూడా వెళ్ళలేదు. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి చేతికివ్వగానే నూకరత్నం పాప ఎడమ చెవి మడిచి వెనక్కి చూసింది. అక్కడ మినపగింజంత పుట్టుమచ్చ ఉంది. పాపాయమ్మకీ అక్కడే ఉండేది. ఇంకేముంది, అత్తయ్యగారు మనింటికే వచ్చేసేరని వార్డంతా వినబడేట్టు చెప్పి, పక్క మంచాలవాళ్ళకి కూడా స్వీట్లు పంచిపెట్టింది.

పోయిన వారం పాపని ఏలూరు తీసుకొచ్చినప్పటి నుంచీ ఆ ఇంట్లో రోజూ పండగే. నూకరత్నం తెల్లారగానే ఉయ్యాల దగ్గరకి వెళ్ళి "లేచేరాండీ" అని పలకరిస్తుంది. పాప ఎదురుగా కుర్చీలో కూర్చోదు. ఉయ్యాల పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే కొంగు సర్దుకుంటుంది. పాలు తాగిన పాప చిన్నగా తేన్చితే, అరిగిందాండీ అని మర్యాదగా కనుక్కుంటుంది. కొడుకు దుర్గారాజుకి ఇదంతా భలే సరదాగా ఉండేది. భీమడోలు అవతల చేపల చెరువులు చూసుకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరి, తల్లి ఏమైనా చిరాకుపడితే, మీ కోడల్ని కాస్త మందలించండి అని కూతురితో చెప్పేవాడు.

నూకరత్నం సంబరానికి కారణం లేకపోలేదు. వాళ్ళది కొల్లేరు లంకల నుంచి వచ్చిన కుటుంబం. చేపల పులుసు బాగా కుదరడమంటే ఆ ఇంటి ఆడవాళ్ళకి పరువుతో సమానం. మూడేళ్ళ కిందట చుట్టాలందరూ వరసగా భోజనాలకి కూర్చున్నప్పుడు, పాపాయమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, బొచ్చె చేప మట్టివాసనొస్తోంది, ఉప్పేసి తోమలేదా అని అడిగింది. అంతే, ఆ పూట నుంచి నూకరత్నం అత్తగారితో మాట మానేసింది. వేళకి అన్నం పెట్టేది, మందులిచ్చేది, నడుము పట్టేస్తే కాపడం పెట్టేది, పెదవి మాత్రం విప్పేది కాదు. ముసలావిడ తక్కువ తిన్నదేం కాదు. కోడలు పిలిచేదాకా నేనూ పిలవనని భీష్మించుకుంది. మధ్యలో దుర్గారాజు అటు మాట ఇటు, ఇటు మాట అటు మోసేవాడు. అలా రెండేళ్ళు ఒకే కప్పు కింద బతికి, ఒక మధ్యాహ్నం పాపాయమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది.

దాచుకున్న మాటలన్నీ ఇప్పుడు కట్ట తెగినట్టు వస్తున్నాయి. బజారులో కూరల ధరలు, ఎదురింటివాళ్ళ పెళ్ళి సంబంధాలు, కాలవలో నీళ్ళు వదిలిన సంగతి, అన్నీ పూస గుచ్చినట్టు పాపకి చెప్తోంది. ఇవాళ రాగండి చేపని ఉప్పూ పసుపూ వేసి నాలుగు నీళ్ళల్లో తోమేనండీ అని, తల్లిపాలు తప్ప మరో రుచి ఎరగని పిల్లకి గిన్నె తెచ్చి చూపించింది కూడా.

సాయిదుర్గకి మొదట్లో నవ్వొచ్చింది. రెండు రోజులకే ఆ నవ్వు పోయి, లోపల ఏదో గుచ్చుకోవడం మొదలైంది.

ఆమె స్కూల్లో బయాలజీ చెప్తుంది. డిగ్రీలో ఉండగా తాడేపల్లిగూడెంలో నరసింహమూర్తి అనే రిటైర్డ్ లెక్చరర్ ఇంటి మేడ మీద ఆదివారాలు జరిగే ధ్యానానికి వెళ్ళడం మొదలుపెట్టి, మెల్లగా బౌద్ధాన్ని తన దారి చేసుకుంది. పౌర్ణములకి అందరూ కలిసి కామవరపుకోట మీదుగా గుంటుపల్లి బౌద్ధ గుహల దాకా వెళ్ళి కూర్చుని వచ్చేవారు. చేపల చెరువులవాళ్ళింటికి చేప తినని కోడలు వచ్చిందని చుట్టాలు వేళాకోళమాడినా, నూకరత్నం మాత్రం కిక్కురుమనకుండా ఆమెకి వేరే పప్పు వండిపెట్టేది. రోజూ తెల్లవారగానే మేడ మీద గదిలో కూర్చుని ఊపిరి మీద మనసు పెట్టడం, అందరి క్షేమం కోరుకోవడం, మాట జాగ్రత్తగా వాడడం, ఇవన్నీ సాయిదుర్గకి ఒంటికి పట్టాయి. పునర్జన్మ ఒక్కటే గొంతు దిగలేదు.

దానికి కారణం తమ్ముడు అభినవ్. వాడు పుట్టుకతోనే నడవలేడు. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్న వాడి కాళ్ళకి నూనె రాసి సాగదీసేది. వచ్చిన చుట్టాలు కాఫీలు తాగుతూ, ఏ జన్మలో ఏ పాపం చేశావో తల్లీ అని జాలిపడి వెళ్ళేవారు. సాయిదుర్గ తొమ్మిదో తరగతిలో ఉండగా వాడు జ్వరంతో పోయాడు. శవం ఇంట్లో ఉండగానే ఒకావిడ, ఆ జన్మ బాకీ ఇవాల్టితో తీరిపోయిందిలే అంది. అమ్మ మొహం ఆ మాటకి ఎలా మాడిపోయిందో సాయిదుర్గ ఈనాటికీ మరిచిపోలేదు. ఆ రోజే ఆమె జన్మలూ గిన్మలూ అన్నీ మనసులోంచి తీసి అవతల పారేసింది. ఈ సంగతి విని నరసింహమూర్తి ఆమెని ఒప్పించడానికి ప్రయత్నించలేదు. ఇప్పుడే ఒప్పుకోనక్కర్లేదమ్మాయ్, కాదని కొట్టిపారేయకుండా పక్కన ఉంచుకో, అన్నాడంతే. ఆమె పక్కన ఉంచుకోలేదు, కొట్టిపారేసింది.

అందుకే ఆ గురువారం నూకరత్నం తన ఆలోచన బయటపెట్టగానే ఆమెకి ఒళ్ళు మండింది. ఆదివారం పాపకి అన్నప్రాశన. అత్తిలి నుంచి చుట్టాలు వస్తున్నారు. వాళ్ళందరి ఎదుటా, పులుసు మాట పడిన నాటి పంక్తిలో ఉన్నవాళ్ళందరూ చూస్తుండగా, పాప కాళ్ళ మీద పడి క్షమాపణ అడుగుతుందట నూకరత్నం. సాయిదుర్గ పాప చెయ్యి పట్టుకుని ఆవిడ తల మీద పెట్టించాలట. అప్పుడుగాని లాల పోయడానికి తనకి అర్హత రాదట. ఈ మాట చెప్తుంటే ఆవిడ కళ్ళు మెరిసిపోతున్నాయి. పంతులుగారితో కూడా చెప్పేసింది.

"అత్తయ్యా, ఇది మైత్రి. ఇంకెవరూ కాదు," అంది సాయిదుర్గ. "పోయినవాళ్ళు పోయారు, మళ్ళీ రారు. నా కూతురు ఎవరి బాకీలూ తీర్చడానికి పుట్టలేదండీ."

"అలా అనకమ్మా. రాకపోతే ఆ మచ్చెక్కడిది?"

"మచ్చ మచ్చే. మాట్లాడాలనుంటే ఆవిడ బతికుండగా మాట్లాడాల్సింది. ఇప్పుడు పసిపిల్లకి ఎన్ని చెప్పినా ఆవిడకి చేరదు."

అనేశాక గానీ అన్నదేమిటో ఆమెకి వినబడలేదు. నూకరత్నం మొహంలో వెలుగు ఒక్కసారిగా ఆరిపోయింది. చేతిలో తువ్వాలు మడిచి గోడ మీద పెట్టి, కాగు కింద మంట తగ్గించి, మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయింది. సాయిదుర్గ పాపని ప్లాస్టిక్ టబ్బులో కూర్చోబెట్టి తనకి చేతనైనట్టు నీళ్ళు పోసింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. నూకరత్నం పాపని పలకరించడం కూడా మానేసింది. పని చేసేది, పక్కకి వెళ్ళి కూర్చునేది. సాయిదుర్గకి వెళ్ళి రెండు మంచి మాటలు చెప్పాలని ఉంది. కానీ తనన్నది అబద్ధం కాదు కదా, తనే ఎందుకు వంగాలి అనిపించేది. పెద్దావిడ పిలిస్తే పలుకుదాంలే అని ఊరుకుంది. శుక్రవారం గడిచింది. శనివారం మధ్యాహ్నం దుర్గారాజు భోజనానికి కూర్చున్నప్పుడు, రేపటి పాయసానికి బియ్యం ఎంత నానబెట్టాలో మీ అమ్మగారినే అడగండి అంది, వంటింటి గుమ్మంలో నిలబడి, గోడకేసి చూస్తూ.

దుర్గారాజు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకోలేదు. అదోలా నవ్వాడు.

"అమ్మకేమో పాపలో నాయనమ్మ కనిపిస్తోంది. నాకు మాత్రం నీలో కనిపిస్తోంది సాయీ. నాయనమ్మ అచ్చం ఆ గుమ్మంలోనే, అలాగే గోడకేసి చూసి నాతో కబుర్లు పంపేది. నాకు మళ్ళీ పాత ఉద్యోగం వచ్చిందన్నమాట," అన్నాడు.

తమాషాకే అన్నాడు. సాయిదుర్గ మాత్రం నిలబడ్డచోటే బిగుసుకుపోయింది.

ఆదివారం తెల్లవారుతుండగా ఆమె మేడ మీద గదిలో కళ్ళు మూసుకుని కూర్చుంది. ఊపిరి మీద మనసు నిలవడం లేదు. మొగుడి మాట తిరిగి తిరిగి వస్తోంది. దాన్ని తోసెయ్యకుండా చూద్దాంలే అనుకుని, చూస్తూ కూర్చుంది. ముందు కోపం కనిపించింది. కోపం కింద, నేనెందుకు వంగాలి అనే పట్టుదల కనిపించింది. అది ఎంత పాతగా ఉందంటే, మూడు రోజుల వయసున్న పట్టుదలలా లేనేలేదు. ఇదే పట్టుదల పాపాయమ్మ దగ్గర ఉండేది. ఆవిణ్ణి కాల్చి బూడిద కొల్లేట్లో కలిపి ఏడాది దాటింది. ఈ పట్టుదలని ఎవరూ కాల్చలేదు. కాలిపోయి ఉంటే ఇక్కడ, తన గుండెలో, తన నోట్లో, తను నిలబడిన గుమ్మంలో ఎలా ఉంది?

ఎవరు వచ్చారో ఆమెకి తెలియదు. ఏది వచ్చిందో మాత్రం పట్టపగలంత స్పష్టంగా కనబడింది. ఒక మనిషి మూట కట్టుకుని ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి దూరడం గురించే ఇన్నాళ్ళూ ఆమె కాదని వాదిస్తూ వచ్చింది. బుద్ధుడు ఆ మూట మనిషి గురించి చెప్పనేలేదు. చేసింది చేసినవాళ్ళతో ఆగిపోదని చెప్పాడు. అది ఆగనప్పుడు, చావు దగ్గర మాత్రం ఆగుతుందని తనకెవరు చెప్పారు? ఆగడం తనేమైనా చూసిందా? చూడకుండానే, అమ్మ మొహం మాడ్చినవాళ్ళ మీద కోపంతో, లేదని తీర్మానించుకుంది. వాళ్ళు దాన్ని వెనక్కి తిప్పి ఒక తల్లిని కొట్టడానికి వాడుకున్నారు. అది వాళ్ళ తప్పు. ముందుకు తిప్పి చూస్తే దాని మొహమే వేరుగా ఉంది. ఇవాళ తను ఈ మౌనాన్ని ఇక్కడ ఆపకపోతే రేపు ఇది మైత్రిలో పుడుతుంది. పట్టుదలే ఇంత దూరం నడిచి రాగలిగితే, అమ్మ అభినవ్ కాళ్ళకి రోజూ రాసిన ప్రేమ మాత్రం వాడితోనే ఎందుకు ఆగిపోతుంది?

ఆ ఆఖరి ఆలోచనతో ఆమెకి కళ్ళల్లోంచి నీళ్ళు ధారలు కట్టాయి. ఏడుపో నవ్వో తెలియలేదు. ఇక కూర్చోలేక లేచి గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగింది. ఆగలేక నరసింహమూర్తికి ఫోన్ చేసింది. చెప్పాల్సిందంతా ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ చెప్పేసింది. నేను చూశానని అనలేనండీ, కానీ ఇక కాదనలేను, నిజమనుకునే నడుస్తాను, నడుస్తూ చూస్తాను, అంది.

"బావుందమ్మాయ్. మరి ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అన్నాడు అవతల పెద్దాయన.

"పిల్లకి లాల పోయించాలండీ," అంది సాయిదుర్గ. ఫోన్ పెట్టేసి రెండేసి మెట్లు దిగుతూ కిందకి పరిగెత్తింది.

నూకరత్నం పెరట్లో ఒక్కతే ఉంది. వచ్చే చుట్టాల కోసం కాగు కింద పుల్లలు ఎగదోస్తోంది. సాయిదుర్గ నిద్రకళ్ళ పాపని ఎత్తుకుని వచ్చి, పీట తెచ్చి ఆవిడ పక్కన వేసి, నూనె, నలుగు గిన్నెలు దగ్గర పెట్టింది. ఇంత చిన్న పనికి ఇంత భయమెందుకో ఆమెకే అర్థం కాలేదు.

"అత్తయ్యా, మొన్న నేను చాలా తప్పు మాటన్నాను. మన్నించండి."

నూకరత్నం మంటకేసే చూస్తూ ఇంకో పుల్ల తోసింది. "తప్పేముందిలేమ్మా, ఉన్నమాటే అన్నావు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకు నోరు పెగల్లేదు."

"రారని నేను చూసొచ్చినట్టు చెప్పాను. నాకేం తెలుసండీ. వచ్చే ఉండొచ్చు."

నూకరత్నం తలెత్తి కోడలి మొహంలోకి చూసింది. వెక్కిరింపేమో అని వెతికింది. అదేమీ లేదు. ఏడ్చి ఎర్రబడిన కళ్ళు మాత్రం ఉన్నాయి.

"మరి ఆవిడే అయితే కాళ్ళ మీద ఎలా పడుకోబెట్టుకోనమ్మా?" అంది.

"ఆవిడే అనుకుందామండీ. వచ్చినావిడ మళ్ళీ అత్తగారిగా రాలేదు కదా. బోర్లా పడడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లగా మీ చేతుల్లోకి వచ్చారు. పెద్దరికం అక్కడే వదిలేసి వచ్చారు. మీరింకా దాన్నే పట్టుకుని దూరంగా నిలబడితే, దీనికి నాయనమ్మ ఎవరండీ?"

నూకరత్నం లేచి నీళ్ళ గాబు దగ్గరకి వెళ్ళి తన పాదాలు రెండూ కడుక్కుంది. వేళ్ళ సందులు కూడా రుద్ది రుద్ది కడుక్కుంది. వచ్చి పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి జరుపుకుని, కాళ్ళు బారజాపింది. సాయిదుర్గ పాపని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టింది. పాదాలకి పాప తల తగలగానే ఆవిడ ఒక్క క్షణం కళ్ళు గట్టిగా మూసుకుంది.

పాప ఆకాశంలోకి చూసి, హాయిగా కాళ్ళు విదిలించి, నూకరత్నం చీర వెచ్చగా తడిపేసింది.

అత్తాకోడళ్ళిద్దరూ మొహామొహాలు చూసుకున్నారు. ముందు నూకరత్నానికే నవ్వొచ్చింది. అత్తయ్యగారు ఎంత కోపమొచ్చినా ఇంత పని ఎప్పుడూ చెయ్యలేదమ్మా అంది. ఆ మాటతో సాయిదుర్గకీ నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఇద్దరూ ఒకరి నవ్వు చూసి ఒకరు నవ్వారు. గుమ్మంలోకి వచ్చిన దుర్గారాజు ఇది కలో నిజమో తెలియక, పళ్ళు తోముకునే బ్రష్ నోట్లోనే పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఓసి దొంగపిల్లా, నాయనమ్మ చీర పాడు చేస్తావా," అంటూ నూకరత్నం చేతికి నూనె తీసుకుంది. ఇక ఆ చేతులకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. పొట్ట మీద, రెక్కల మీద, వీపు మీద అవే నడిచాయి. నలుగు పెడుతూ పెడుతూ ఆవిడ పాప మీదకి వంగి, చిన్న గొంతుతో, సాయిదుర్గకి వినబడీ వినబడనట్టు ఒక మాట చెప్పింది.

"ఆ రోజు పులుసు మట్టివాసనొచ్చిన మాట నిజమేనమ్మా. వడ్డించకముందే రుచి చూసేను. నాకూ తెలుసు."

పాప నోట్లో వేలు పెట్టుకుని శ్రద్ధగా వింది. నూకరత్నం కన్నీళ్ళు పాప పొట్ట మీద పడితే, వాటిని కూడా నలుగులో కలిపి రుద్దేసింది. మూడేళ్ళుగా గుండెల మీద ఉన్నది దిగిపోయినట్టు గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత పాప కాళ్ళు రెండూ పట్టుకుని, మడిచి, సాగదీసి, మళ్ళీ మడిచింది.

సాయిదుర్గ చూపు ఆ కాళ్ళ మీదే ఉండిపోయింది. మా అమ్మ కూడా తమ్ముడికి అచ్చం ఇలాగే చేసేదండీ, అంది. ఆ ఇంట్లో ఆమె తనంతట తను వాడి సంగతి ఎత్తడం అదే మొదటిసారి. నూకరత్నం చేతులు ఆగలేదు.

"ఎక్కడో పుట్టే ఉంటాడమ్మా. ఎవరో తల్లి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఇలాగే సాగదీసి పోసే ఉంటుంది. ఈపాటికి సైకిలెక్కి, చెప్పిన మాట వినకుండా ఊరంతా తిరుగుతూ ఉంటాడు."

ఇన్నేళ్ళలో ఇలాంటి మాట ఎవరన్నా సాయిదుర్గ లేచి వెళ్ళిపోయేది. ఇప్పుడు అక్కడే తడి నేల మీద చతికిలబడింది. ఏ ఊళ్ళోనో, కాలవ గట్టు మీద, గాలికి చొక్కా ఎగురుతుంటే సైకిలు తొక్కుతున్న కుర్రాడు ఆమె కళ్ళకి కట్టాడు. వాడి రెండు కాళ్ళూ బాగా తొక్కుతున్నాయి. ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని, ఎన్నాళ్ళ నుంచో రావలసిన ఏడుపు వెక్కి వెక్కి ఏడ్చింది. నూకరత్నం వద్దనలేదు, పోసే నీళ్ళు మాత్రం చప్పుడు కాకుండా పోసింది.

కాసేపటికి సాయిదుర్గ కొంగుతో మొహం తుడుచుకుంది.

"వాడికి నీళ్ళు కాస్త వేడిగా ఉంటేనే ఇష్టమండీ అత్తయ్యా," అంది.

"తల్లికి తెలుస్తుందిలేమ్మా, చెయ్యి పెట్టి చూసుకుంటుంది," అంది నూకరత్నం, పాప నుదుటికి చెయ్యి అడ్డుపెట్టి ఇంకో చెంబు పోస్తూ.